మూడు పాయలు, ఆరు మలుపులు

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నన్ను రెండు సంగతులు చెప్పమన్నారు. లెక్కల ప్రొఫెసర్‌గా నేను దేనిమీద పరిశోధన చేస్తాను, ఆ పని లేని వేళల్లో ఏం చేస్తాను. మొదటిది చాలాచోట్ల చెప్పాను. రెండోది ఇప్పటిదాకా ఏ సభలోనూ ఎవరూ అడగలేదు. అందుకని రాత్రి కూర్చుని రెండూ రెండు కాగితాల మీద రాసుకుందామనుకున్నాను. కుదరలేదు. ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి వచ్చేస్తూనే ఉంది. చివరికి కాగితాలు ఇంట్లోనే వదిలేసి ఈ సంచీ తెచ్చుకున్నాను. ఇందులో కొన్ని తాళ్లు, మూడు రంగుల రిబ్బన్లు ఉన్నాయి.

తాడుతో మొదలుపెడతాను. ముందు వరుసలో ఉన్న బాబూ, ఒకసారి పైకి రా నాన్నా. ఈ కొస పట్టుకో. నేను మామూలుగా, అందరం వేసేటట్టే, ఒక ముడి వేస్తున్నాను. ఇది ముడే కదా? మా లెక్కలో ఇంకా కాదు. కొస చేతిలో ఉన్నంతసేపూ దాన్ని వెనక్కి దూర్చి విప్పేయొచ్చు. అందుకని మేం రెండు కొసలూ కలిపి అతికించేస్తాం. (కొసలను టేపుతో అతికించి) ఇప్పుడిక దీనికి కొస అనేదే లేదు. కత్తెర ముట్టుకోకుండా, లాగి, సాగదీసి, తిప్పి, దీన్ని గుండ్రటి గాజులా చేయగలరా? ముడుల సిద్ధాంతం, అంటే నాట్ థియరీ, అడిగే మొదటి ప్రశ్న ఇదే.

ఈ బాబు ప్రయత్నిస్తున్నాడు. రావడం లేదు. అయితే అతని చేతికి రాలేదు కాబట్టి ఎవరి చేతికీ రాదు అనగలమా? వెయ్యిమంది వెయ్యేళ్లు ప్రయత్నించి ఓడిపోయినా, ఆ తర్వాత వచ్చే మనిషికి వస్తుందేమో. రాదు అని చెప్పాలంటే ప్రయత్నాలు చాలవు, నిరూపణ కావాలి. ఆ నిరూపణ ఇప్పుడు మీకు చూపిస్తాను, మూడు నిమిషాలు చాలు.

ఈ ముడిని బల్లమీద పరిచి పైనుంచి చూస్తే తాడు మూడు చోట్ల తనను తానే దాటుతుంది. వాటిని క్రాసింగులు అంటాం. కాగితం మీద గీసేటప్పుడు, కిందినుంచి వెళ్లే పోగును అక్కడ కాస్త తెంపి గీస్తాం. అలా గీస్తే బొమ్మ మూడు ముక్కలుగా కనిపిస్తుంది. ఒక్కో ముక్కకు ఒక్కో రంగు వేయండి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఇక నియమం. ప్రతి క్రాసింగు దగ్గరా మూడు ముక్కలు కలుస్తాయి కదా, ఆ మూడూ ఒకే రంగైనా కావాలి, లేదా మూడూ మూడు రంగులైనా కావాలి. రెండు ఎరుపు, ఒకటి పసుపు అంటే ఒప్పుకోం. బొమ్మ మొత్తం మీద కనీసం రెండు రంగులైనా వాడాలి. మన ముడికి ఈ నియమం చక్కగా కుదిరింది, చూశారా.

తాడును మనం వందరకాలుగా కదపొచ్చు. కానీ బొమ్మలో జరిగే మార్పులు మాత్రం మూడే రకాలని జర్మన్ గణితవేత్త రైడెమైస్టర్ 1920ల్లో చూపించాడు. ఒక మెలిక పడుతుంది, లేదా పోతుంది. ఒక పోగు పక్క పోగు మీదికి జరుగుతుంది, లేదా వెనక్కి వస్తుంది. ఒక పోగు ఒక క్రాసింగుకు అటువైపు నుంచి ఇటువైపుకు జారుతుంది. అంతే. ఈ మూడింటిలో ఏది జరిగినా రంగులు మళ్లీ నియమం ప్రకారం సర్దుకుంటాయి. ఇది నా మాట మీద నమ్మక్కర్లేదు, ఒక సాయంత్రం పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే మీరే చూసుకోవచ్చు. ఇక గాజు సంగతి. గాజుకు ఉన్నది ఒకే ముక్క, దానికి రెండు రంగులు పట్టవు. మన ముడికి మూడు పట్టాయి. కాబట్టి ఈ ముడిని ఎవరూ, ఎప్పటికీ, గాజుగా మార్చలేరు.

పంతొమ్మిదేళ్ల వయసులో నేను ఈ నిరూపణను బ్లాక్‌బోర్డు మీద చూశాను. “ఎవరూ, ఎప్పటికీ” అన్న మాట ఎంత పెద్ద మాట! అలాంటి మాట అనే హక్కు మూడు రంగు చాక్‌పీసులతో వస్తుందంటే నాకు ఒళ్లు పులకరించింది. ఆ రోజు నుంచి నేను ముడుల్లోనే ఉన్నాను.

ఈ విద్య మొదలైన తీరు కూడా చిత్రమైనదే. 1867లో విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, పరమాణువులంటే ఈథర్‌లో, అంటే విశ్వమంతా నిండి ఉందని అప్పట్లో అనుకున్న పదార్థంలో, పడ్డ సుడుల ముడులేమో అన్నాడు. ఒక్కో మూలకానికి ఒక్కో ముడి. ఆయన స్నేహితుడు టెయిట్ ఆ మాట పట్టుకుని ముడుల పట్టిక తయారుచేయడం మొదలుపెట్టాడు. ఈథర్ లేదని తర్వాత తేలిపోయింది, పట్టిక మాత్రం మిగిలింది. మూడు క్రాసింగులతో ఒకే ముడి ఉంది. నాలుగుతో ఒకటి, ఐదుతో రెండు, ఆరుతో మూడు, ఏడుతో ఏడు. పదికి వచ్చేసరికి 165. పదహారు క్రాసింగులతో 13,88,705 ముడులున్నాయి, ఈ లెక్కలన్నిటిలో ముడినీ దాని అద్దపు ప్రతిబింబాన్నీ ఒకటిగానే లెక్కపెట్టారు, రెండు ముడులను ఒకే తాడు మీద పక్కపక్కన వేసి చేసినవాటిని వదిలేశారు.

ఆ 165 దగ్గర ఒక్క క్షణం ఆగాలి. చాలాకాలం అది 166గానే ఉండేది. 1899లో లిటిల్ అనే గణితవేత్త వేసిన పట్టికలో రెండు ముడులు వేర్వేరుగా పక్కపక్కన ఉండేవి. డెబ్భై ఐదేళ్లపాటు అందరూ వాటిని అలాగే చూశారు. 1974లో కెనెత్ పెర్కో అనే ఆయన ఆ రెండూ ఒకటేనని చూపించాడు. ఒకదాన్ని కదుపుతూ పోతే రెండోది వచ్చేస్తుంది. పెర్కో వృత్తిరీత్యా న్యూయార్క్‌లో లాయరు. చదువుకునే రోజుల్లో ముడుల మీద పనిచేశాడు, లాయరయ్యాక కూడా వాటిని వదల్లేదు. మాకు ఉద్యోగం అయినది ఆయనకు ఉద్యోగం అవతలి జీవితం. ఆయన మాట నా విద్యార్థులకు ప్రతి ఏడూ చెబుతాను.

ఇక నా సొంత పని. ముడి ఎంత గట్టిదో కొలవడానికి మాకు ఒక సంఖ్య ఉంది, నేను తెలుగులో దాన్ని విప్పుడు సంఖ్య అంటాను. కత్తెర వాడొద్దన్నాను కదా, ఇప్పుడు కొంచెం సడలిస్తున్నాను. ఒక క్రాసింగు దగ్గర పై పోగును కిందికి, కింది పోగును పైకి మార్చుకోవచ్చు. అలా కనీసం ఎన్నిసార్లు మారిస్తే ముడి గాజు అవుతుందో అదే విప్పుడు సంఖ్య. ఇది కాగితం మీద ఆట మాత్రమే కాదు. మన ఒక్కో కణంలో దాదాపు రెండు మీటర్ల డీఎన్ఏ ఉంటుంది. అది చిక్కుపడితే కణం విభజన చెందలేదు. టోపోఐసోమరేజ్ అనే ఎంజైములు ఒక పోగును తెంచి, రెండోదాన్ని ఆ సందులోంచి దాటించి, మళ్లీ అతికిస్తాయి. ఇప్పుడు నేను చెప్పిన క్రాసింగు మార్పు సరిగ్గా అదే.

ఒక ఉదాహరణ చేసి చూపిస్తాను. రెండు పాయలు తీసుకుని పురి పెడుతున్నాను. ఒకటి, రెండు... ఏడు క్రాసింగులు. పై కొసలను కింది కొసలతో కలుపుతున్నాను. దీన్ని గాజు చేయాలంటే ఎన్ని మార్పులు కావాలి? ఒక క్రాసింగును తిరగేస్తే అది పక్కదానితో కొట్టుకుపోతుంది, రెండూ మాయమవుతాయి. ఏడు ఐదవుతుంది. మళ్లీ ఒకటి తిరగేస్తే మూడు. ఇంకోటి తిరగేస్తే ఒకటి. ఆ ఒక్కటీ వట్టి మెలిక, చేత్తో తిప్పితే పోతుంది. కాబట్టి మూడు మార్పులు చాలు. మూడుకంటే తక్కువతో కాదని చెప్పడమే కష్టం, దానికి వేరే పనిముట్లు కావాలి. నా ఇరవై ఏళ్ల పరిశోధన చాలావరకు ఈ “తక్కువతో కాదు” చుట్టూనే తిరిగింది. ఈ ఏడు మెలికల ముడిని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ కావాలి.

ప్రొఫెసర్ రోజు ఎలా ఉంటుందో కూడా చాలామందికి తెలియదు. పాఠాలు, పేపర్లు దిద్దడం, రికమెండేషన్ లెటర్లు, మీటింగులు, వీటిమీద ఎక్కువసేపు మాట్లాడను. పరిశోధనకు దొరికేది రోజుకు రెండు గంటలు, అదృష్టం బాగుంటే మూడు. ఆ రెండు గంటల్లోనూ నూటికి తొంభై రోజులు ఏదీ తెగదు. నిన్న సరైనదనుకున్నది ఇవాళ తప్పని తేలుతుంది. ఇది ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఈ పని స్వభావమే అంత.

కానీ ఒక్కసారి మాత్రం దెబ్బ గట్టిగానే తగిలింది. రెండేళ్లు కష్టపడి ఒక నిరూపణ రాశాను. నలభై పేజీలు. జర్నల్‌కు పంపాను. ఎనిమిది నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. పంతొమ్మిదో పేజీలో ఒక లెమ్మా, అంటే అసలు నిరూపణకు మెట్టులాంటి చిన్న సిద్ధాంతం, ఉంది, దాంట్లో నేను నాలుగు సందర్భాలు చూశాను, ఐదోది ఉంది. పేజీ తెరిచి చూసిన అరనిమిషంలోనే తెలిసిపోయింది, రాసినవాళ్లు చెప్పింది నిజమని. ఆ ఐదో సందర్భం దగ్గర మొత్తం కూలిపోయింది. ఆ తర్వాత ఐదారు వారాలు నాకు నిద్ర పట్టలేదు. పడుకుంటే ఆ పేజీయే కళ్ల ముందు ఉండేది. డాక్టరుగారు ఒంట్లో ఏమీ లేదన్నారు, ఏదైనా వ్యాయామం చేయమన్నారు. నడిచాను. నడుస్తుంటే ఇంకా ఎక్కువ ఆలోచిస్తున్నాను. అప్పుడు, నలభై మూడేళ్ల వయసులో, ఈత నేర్చుకోవడానికి వెళ్లాను.

నీళ్లంటే నాకు చాలా భయం. మొదటి పది రోజులూ గోడ పట్టుకునే ఉన్నాను. గోడ వదిలితే కాళ్లు మునిగిపోతున్నాయి. కాళ్లు మునిగే కొద్దీ ఇంకా తల పైకి ఎత్తుతున్నాను. నేర్పే అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి. “మేడమ్, కాళ్ల సంగతి వదిలేయండి, తల దించండి” అనేది. ఆ మాట నాకు ఎక్కలేదు. ఒక మంగళవారం విసిగిపోయి, మొహం మొత్తం నీళ్లలో పెట్టి, కింద నేల మీదున్న నల్లగీతను చూశాను. కాళ్లు వాటంతటవే పైకి తేలాయి. తల పైకెత్తితే కాళ్లు దిగిపోతాయి, తల దించితే లేస్తాయి, శరీరం తూకం అంతే. చెవుల్లో నీళ్ల చప్పుడు, కళ్లముందు నల్లగీత. ఊపిరి ఎప్పుడు తీసుకోవాలి అన్నది తప్ప ఇంకేదీ బుర్రలో లేదు. గట్టు ఎక్కాక చూసుకుంటే నలభై నిమిషాలు గడిచాయి, పంతొమ్మిదో పేజీ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఆ రాత్రి పడుకున్నాను.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇలాంటి కథల్లో చివరికి నీళ్లలో ఉండగా మెరుపులా ఆలోచన వచ్చి నిరూపణ పూర్తయింది అంటారు. నాకు అలా జరగలేదు. ఆ ఐదో సందర్భం ఇప్పటికీ అలాగే ఉంది. సిద్ధాంతంలో సగం మాత్రమే నిలబడింది, ఆ సగమే అచ్చయింది. వారానికి రెండు రోజులు ఇప్పటికీ ఈతకు వెళ్తాను. దానివల్ల లెక్కలు బాగా వస్తాయని కాదు. నీళ్లంటే ఇష్టం, అందుకు.

ఇక రిబ్బన్లు తీస్తున్నాను. మా అమ్మాయి ఏడేళ్ల వయసు నుంచీ పొద్దున్నే జడ వేయడం నా పని. చిక్కు తీయడానికి పది నిమిషాలు, అల్లడానికి ఐదు. చాలా ఏళ్లు ఆ పదిహేను నిమిషాలూ నాకు టెన్షన్‌గానే గడిచాయి. అవతల క్లాసు, బస్సు, మధ్యలో వదిలేసిన లెక్క. నా చేతులు జడ మీద, ధ్యాస ఇంకెక్కడో. ఒకరోజు తనే మూడు రంగుల రిబ్బన్లు తెచ్చి, పాయకొకటి పెట్టి అల్లమంది. అల్లుతుంటే అద్దంలో చూస్తూ అడిగింది, “అమ్మా, ఎరుపు మళ్లీ తన చోటుకు ఎప్పుడొస్తుంది?”

చూడండి. ఎడమ ఎరుపు, నడిమిది పసుపు, కుడి ఆకుపచ్చ. జడ ఎలా అల్లుతాం? కుడి పాయను నడిమి పాయ మీదుగా, తర్వాత ఎడమ పాయను నడిమి పాయ మీదుగా. ఒకటి, రెండు. మళ్లీ మూడు, నాలుగు. ఐదు, ఆరు. ఇదిగో, ఎరుపు ఎడమకు, పసుపు నడుమకు, ఆకుపచ్చ కుడికి వచ్చేశాయి. ఆరు మలుపులు. ఇప్పుడు ఏ రంగు పై కొసను ఆ రంగు కింది కొసతో కలుపుతున్నాను. మూడు వలయాలు వచ్చాయి. లాగండి, విడిపోవు. ఇప్పుడు ఆకుపచ్చ దాన్ని కత్తిరించి తీసేస్తున్నాను. మిగిలిన రెండూ చూశారా, ఒకదానికొకటి అసలు తగులుకునే లేవు, విడివిడిగా వచ్చేశాయి. ఏ ఒక్కటి తీసినా ఇంతే. ఏ రెంటికీ మధ్య పట్టు లేదు, మూడింటికీ కలిపి ఉంది. వీటిని బోరోమియన్ వలయాలు అంటారు. అదే జడను నాలుగు మలుపుల దగ్గర ఆపి కొసలు కలిపితే వలయాలు రావు, ఒకే తాడుగా నాలుగు క్రాసింగుల ముడి వస్తుంది, ఇందాక పట్టికలో చెప్పిన ఆ ఒక్కటి. అసలు ప్రతి ముడినీ ఏదో ఒక జడ కొసలు కలిపి తయారుచేయొచ్చని అలెగ్జాండర్ 1923లో నిరూపించాడు. ఈ సిద్ధాంతం నేను పదేళ్లుగా పాఠం చెబుతున్నాను. రోజూ పొద్దున చేతుల్లో ఉన్న జడను మాత్రం ఆ రోజుదాకా చూడలేదు.

జడల గణితం అంటే మా రంగంలో ముందు గుర్తొచ్చే పేరు జోన్ బర్మన్. 1927లో పుట్టారు. ముగ్గురు పిల్లల తల్లి, పీహెచ్‌డీ పూర్తిచేసింది 1968లో, నలభై ఒకటో ఏట. 1984లో వాన్ జోన్స్ అనే న్యూజిలాండ్ గణితవేత్త, ముడులతో సంబంధంలేని వేరే రంగంలో పనిచేస్తూ, తన సమీకరణాలు జడల సమీకరణాల్లా ఉన్నాయని గమనించి ఆమెను కలవడానికి న్యూయార్క్ వెళ్లాడు. ఆ మాటల్లోంచే జోన్స్ బహుపది పుట్టింది, అంటే ప్రతి ముడికీ ఒక బీజగణిత సమాసాన్ని కట్టే పద్ధతి. ముడినీ, అద్దంలో దాని ప్రతిబింబాన్నీ ఎన్నోచోట్ల అది వేరు చేసి చూపిస్తుంది. దానికి 1990లో క్యోటోలో ఆయనకు ఫీల్డ్స్ మెడల్, గణితంలో అతి పెద్ద బహుమతుల్లో ఒకటి, ఇచ్చారు. ఆ సభలో జోన్స్ ఉపన్యాసం ఇచ్చింది కోటు వేసుకుని కాదు, తన దేశపు రగ్బీ జట్టు జెర్సీ వేసుకుని. గాలి తెరచాపతో అలల మీద తేలే విండ్‌సర్ఫింగ్ అంటే ఆయనకు ప్రాణం. 2020లో పోయారు.

ఇంకొకరి గురించి చెప్పాలి. లీసా పిచ్చిరిల్లో. కాన్వే ముడి అని పదకొండు క్రాసింగులది ఒకటి ఉంది. నాలుగు కొలతల లోకంలో అది ఒక నున్నటి పళ్లేనికి అంచు కాగలదా అన్నది దాదాపు యాభై ఏళ్లు తేలని ప్రశ్న. 2018లో ఆమె టెక్సస్‌లో పరిశోధక విద్యార్థి. ఒక సదస్సులో ఆ ప్రశ్న విన్నది, వారం తిరక్కుండా కాదని తేల్చేసింది. పగలు తన అసలు పని చేసుకుంటూ దీన్ని సాయంత్రాల్లో చేసిందట, ఇది హోంవర్క్ లాంటిది, అసలైన లెక్క కాదు అనుకుని.

చాలా ఏళ్లు నేను నా గంటలను రెండు ఖాతాల్లో రాసుకున్నాను. జడ వేసిన పదిహేను నిమిషాలు లెక్కల నుంచి దొంగిలించినవి. ఆదివారం ముడుల మీద గడిపిన గంట పిల్లనుంచి దొంగిలించింది. ఏ ఖాతా చూసినా అప్పే. పరిశోధనలోకి వస్తున్న ఆడపిల్లలు, ఈమధ్య మగపిల్లలు కూడా, నా గదికి వచ్చి ఇదే లెక్క చెబుతారు. వాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ పద్దు రాసుకున్నన్ని రోజులూ నేను జడ వేసేటప్పుడు జడ దగ్గర లేను, లెక్క చేసేటప్పుడు లెక్క దగ్గరా లేను.

ఇప్పుడు ఏడు మెలికల ముడి దగ్గరకు వద్దాం. దాన్ని విప్పడానికి మూడు మార్పులు. అద్దంలో దాని ప్రతిబింబానికీ మూడే. ఈ రెండింటినీ ఒకే తాడు మీద పక్కపక్కన వేస్తే? ఆరు కావాలి కదా. మూడూ మూడూ ఆరు. 1937 నుంచీ ఉన్న ప్రశ్న ఇది, ఎప్పుడూ ఇలా కూడితే సరిపోతుందా అని. నాకు సరిపోతుందనే అనిపించేది. నా పేపర్లలో మూడింటికి ఆ నమ్మకమే పునాది. నిరూపణలో వాడలేదు, కానీ ఏ దారిన వెళ్లాలో చెప్పింది అదే. 2025 జూన్‌లో మార్క్ బ్రిటెన్‌హమ్, సూజన్ హెర్మిల్లర్ అనే ఇద్దరు, కంప్యూటర్లతో ఏళ్ల తరబడి వెతికి, ఐదు చాలు అని చూపించారు.

ఆ పేపరు చూసిన సాయంత్రం నేను చాలాసేపు కదల్లేదు. బాధ కాదు. పంతొమ్మిదేళ్లప్పుడు బోర్డు ముందు ఎలా అయిందో అలాగే అయింది. మా అమ్మాయికి ఇప్పుడు పదిహేడేళ్లు, జడ తనే వేసుకుంటుంది. ఏమైందమ్మా అంది. చెప్పాను. “అయితే ఇన్నాళ్లూ నువ్వు అనుకున్నది తప్పా?” అని అడిగింది. అవునన్నాను. “మరి చేసి చూద్దాం” అని తాడు తెచ్చింది.

అప్పటి నుంచి ఆదివారాలు మేమిద్దరం నేలమీద తాడు పరుచుకుని ఆ దారి పట్టుకుని వెళ్తున్నాం. అది సూటిగా పోయే దారి కాదు. విప్పడానికి ముందు ముడిని ఇంకా చిక్కుగా చేసుకోవాలి, అక్కడ ఒక క్రాసింగు మార్చాలి, మళ్లీ సర్దాలి. ఇప్పటికి రెండు మార్పులు అయ్యాయి, మూడోది ఎక్కడ చేయాలో కాగితం మీద ఉంది గానీ తాడు మీద ఇంకా దొరకలేదు. ఆ తాడు కూడా తెచ్చాను. ఇదిగో, కదిలిపోకుండా అట్టకు పిన్నులు గుచ్చి ఉంది. సభ అయ్యాక ఈ బల్లమీద పెడతాను, దగ్గరికొచ్చి చూడండి. పిన్నులు మాత్రం తీయకండి.